పాత కారు మీటర్లు తప్పు చూపిస్తుంటే: బోర్డు విప్పే ముందు చేయాల్సిన పరీక్షలు

అంబాసిడర్, పద్మిని ఉన్నవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఒకటుంది. "పెట్రోల్ ముల్లు లేవట్లేదు, కొత్త మీటరు ఎక్కడ దొరుకుతుంది?" ఆటోనగర్‌లో ఎవరో ఒకరు "మీటరు పోయింది సార్, మార్చేద్దాం" అని అప్పటికే చెప్పి ఉంటారు. మార్చకండి. మీటరు పోవడం చాలా అరుదు. ఎక్కువసార్లు పోయేది ఎర్త్ (కరెంటు కారు బాడీ గుండా బ్యాటరీకి తిరిగొచ్చే దారి), లేదంటే ట్యాంకులో పెట్రోలు మీద తేలే ఫ్లోటు, లేదంటే డాష్‌బోర్డు వెనక ఉండి మీటర్లకి వోల్టులు నిలకడగా ఇచ్చే చిన్న స్టెబిలైజర్ డబ్బా. అంబాసిడర్ తయారీ 2014లో ఆగింది, పద్మిని అంతకు చాలా ముందే ఆగింది. మీ కారుతో వచ్చిన మీటరు పారేసి తెచ్చుకునేది ఇంకో పాత కారులోంచి విప్పిందే, దాని జబ్బు ఏంటో మీకు తెలియదు.

కింద చెప్పేవి సొంతంగా చేసుకోవచ్చు. బెజవాడ ఎండలో కారు పక్కన కూర్చోవడం నరకం కాబట్టి పొద్దున్నే మొదలుపెట్టండి. ట్యాంకు తెరవాల్సి వస్తే అది ఎలాగూ చల్లటి పూట చేయాల్సిన పనే.

కావాల్సినవి

- డిజిటల్ మల్టీమీటరు. మామూలుది చాలు.
- రెండు చివర్లా క్రొకడైల్ క్లిప్పులున్న వైర్లు రెండు మూడు. ఒకటి డిక్కీ నుంచి బానెట్ దాకా అందేంత పొడుగుండాలి.
- 68 ఓములు, 33 ఓములు రెసిస్టర్లు, 2 వాట్లవి. టీవీ, యాంప్లిఫయర్ రిపేరు సామాను అమ్మే షాపులో దొరుకుతాయి.
- ఎమెరీ పేపర్, వైర్ బ్రష్, కొంచెం వాజెలిన్.
- పానాలు, స్క్రూ డ్రైవర్లు, ట్యాంకు మూత కోసం చెక్క ముక్క.
- మంటలార్పే చిన్న సిలిండరు. ఇది లేకుండా ట్యాంకు జోలికి వెళ్లకండి.

మొదలుపెట్టే ముందు బ్యాటరీ చూడండి. బ్రిటిష్ డిజైన్ మీద వచ్చిన పాత కార్లలో కొన్నింటికి ప్లస్ టెర్మినల్ బాడీకి కలిపి ఉంటుంది. మీది అలాంటిదైతే పరీక్షలు ఇవే, కానీ నేను "బ్యాటరీ మైనస్" అన్నచోట "బాడీకి కలిపిన టెర్మినల్" అని చదువుకోండి.

1. తాళం తిప్పి ముల్లుల్ని చూడండి

ఏమీ విప్పకండి. ఇంజన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ ఆన్ చేసి ఒక నిమిషం పెట్రోల్ ముల్లునీ, ఇంజన్ వేడి చూపే హీట్ ముల్లునీ గమనించండి. ఈ ఒక్క నిమిషంలో సగం సంగతి తెలిసిపోతుంది.

ముల్లు మెల్లగా, బద్ధకంగా లేస్తే లోపల వేడికి వంగే పట్టీ ఉన్న మీటరది. దానికి స్టెబిలైజర్ ఉంటుంది. తాళం తిప్పగానే ముల్లు టక్కున ఎగిరి ఊగితే అది పాత పద్ధతి మీటరు, నేరుగా 12 వోల్టుల మీద పనిచేస్తుంది. ఈ తేడా ఇప్పుడే రాసిపెట్టుకోండి, ఎందుకంటే ట్యాంకు వైరు పరీక్షలో రెండింటి జవాబులూ తలకిందులుగా ఉంటాయి. మీటర్లు అన్యాయంగా చెత్తలోకి పోయేది ఎక్కువగా ఇక్కడే.

రెండు ముల్లులూ కలిసి చచ్చిపోయి ఉంటే ఫ్యూజు లేదా స్టెబిలైజర్ చూడండి. రెండూ కలిసి ఎక్కువ చూపిస్తుంటే దాదాపు కచ్చితంగా స్టెబిలైజరే. ఒక్కటే తప్పు చూపిస్తుంటే ఆ ఒక్కదాని వైరు, సెండర్ (ట్యాంకులోనో ఇంజన్ మీదో ఉండి మీటరుకి కబురు పంపే భాగం) చూడాలి. హెడ్‌లైట్ వేసినప్పుడో, ఇండికేటర్ కొట్టుకున్నప్పుడో ముల్లు కూడా కదులుతుంటే మిగతావన్నీ పక్కనపెట్టి ఎర్త్ దగ్గరికి వెళ్లండి.

2. ఎర్త్ సంగతి తేల్చండి

ఈ పనిని ఎవరూ పనిగా చూడరు. దీనికి డబ్బు తీసుకోవడానికి మెకానిక్‌కి మొహమాటం, ఇంత చిన్నదానికి ఇంత గొడవా అని ఓనరుకి అనుమానం. కానీ ముప్పై నలభై ఏళ్ల కారులో తుప్పు, పాత పెయింటు, మళ్లీ వేయించిన కొత్త పెయింటు అన్నీ కలిసి కరెంటు తిరుగుదారిని మూసేస్తాయి. పెయింటింగ్ చేయించిన వెంటనే మీటర్లు ఆగిపోయాయంటే ఇంక ఆలోచించక్కర్లేదు. ట్యాంకు బోల్టుల కిందా, బోర్డు స్క్రూల కిందా పెయింటు చేరింది.

మల్టీమీటరుని డీసీ వోల్టుల్లో పెట్టండి. నల్ల పిన్ను బ్యాటరీ మైనస్ మీద, ఎర్ర పిన్ను మీటరు రేకు డబ్బా మీద. ఇగ్నిషన్, హెడ్‌లైట్లు ఆన్ చేయండి. 0.2 వోల్టుల కంటే ఎక్కువ వస్తే ఎర్త్ బాగాలేదు. అలాగే ఇంజన్ బ్లాకు మీద, సెండర్ ఇత్తడి భాగం మీద, పెట్రోలు ట్యాంకు రేకు మీద చూడండి. ఇంజన్‌ని బాడీకి కలిపే అల్లిక పట్టీ ఒకటుంటుంది. ఇంజన్ దించి ఎక్కించినప్పుడు దాన్ని తిరిగి బిగించడం మర్చిపోవడం మామూలే. అది వదులైతే స్టార్టరు కూడా నీరసంగా తిరుగుతుంది.

ఇంకా తేలిక దారి: బ్యాటరీ మైనస్ నుంచి పొడుగు వైరు తీసుకుని అనుమానమున్న సెండర్ బాడీకి క్లిప్పు పెట్టండి. ముల్లు సర్దుకుంటే మీ పని అయిపోయింది. ఆ జాయింటు విప్పి, రేకు మెరిసేదాకా ఎమెరీతో రుద్ది, గట్టిగా బిగించి, పైన వాజెలిన్ పూయండి. ముందే పూసి బిగించొద్దు.

2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు వచ్చినప్పుడు సింగ్ నగర్ వైపు మునిగిన కార్లలో ఏదైనా మీ చేతికి వచ్చి ఉంటే ప్రతి కనెక్టరూ ఊడదీసి చూడండి. పైకి శుభ్రంగా కనిపించినా లోపల ఆకుపచ్చ చిలుము పట్టి ఉంటుంది. దాన్ని గీకితే కొన్నాళ్లు పనిచేసి మళ్లీ ఆగుతుంది. వైరు చివర కత్తిరించి కొత్త టెర్మినల్ వేయడమే మేలు. లోపలి రాగి కూడా నల్లబడి ఉంటే మెరిసే రాగి కనపడేదాకా కత్తిరిస్తూ పోవాలి.

3. స్టెబిలైజర్

మెల్లగా లేచే మీటర్లున్న కార్లకే ఈ అంచె. స్మిత్స్ అనే బ్రిటిష్ మీటర్ల కంపెనీ పద్ధతిలో ఇది పెట్రోల్, హీట్ మీటర్లకు సగటున 10 వోల్టులు ఇస్తుంది. సగటున అని ఎందుకంటున్నానంటే, పాత రకం స్టెబిలైజర్ కరెంటుని ఆన్ ఆఫ్ చేస్తూ ఉంటుంది. డిజిటల్ మల్టీమీటరు పెడితే అంకెలు 0 నుంచి 12 దాకా గంతులేస్తాయి. అది చూసి పాడైందనుకుని పారేసేవాళ్లున్నారు. గంతులేస్తుంటే అది బతికే ఉంది. నిమిషం తర్వాత కూడా అంకె కదలకుండా 12 దగ్గరే ఉంటే లోపల అతుక్కుపోయింది, లేదా దాని డబ్బాకి ఎర్త్ లేదు. ముందు ఎర్త్ వైరు ఇచ్చి చూడండి. అసలేమీ రాకపోతే లోపలికి వచ్చే వైరులో 12 ఉందో లేదో చూసి, ఉంటే స్టెబిలైజర్ మార్చండి.

పాతది దొరకకపోతే 7810 అనే మూడు కాళ్ల రెగ్యులేటర్ ఐసీ వాడొచ్చు. లోపలికి వచ్చే కాలికీ ఎర్త్‌కీ మధ్య 0.33 మైక్రోఫారడ్, బయటికి వెళ్లే కాలికీ ఎర్త్‌కీ మధ్య 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు వేసి, ఐసీ వీపుని రేకుకి బిగించాలి, లేకపోతే వేడెక్కుతుంది. ఖర్చు టీ, టిఫిన్ కంటే ఎక్కువ కాదు. బాడీకి మైనస్ కలిపిన కార్లకే ఇది పనికొస్తుంది.

4. పెట్రోల్ మీటరు

ట్యాంకు మూసి ఉండగానే చేసే పరీక్ష ఇది. నిప్పురవ్వ రాకుండా వరస ముఖ్యం: ఇగ్నిషన్ ఆఫ్‌లో ఉండగా వైర్లు కలపాలి, ఆ తర్వాతే తాళం తిప్పాలి. ట్యాంకు పక్కన నిలబడి వైరుని రేకుకి టక్‌టక్‌మని తగిలించి చూసే అలవాటు ఎవరికున్నా సరే, మీ కారు దగ్గర చేయనివ్వకండి.

ట్యాంకు సెండర్ నుంచి వైరు పీకి, దానికి పొడుగు వైరు కలిపి ట్యాంకుకి దూరంగా తీసుకెళ్లండి.

మెల్లగా లేచే మీటరైతే: వైరు దేనికీ తగలకుండా వదిలేసి తాళం తిప్పితే ముల్లు ఖాళీ దగ్గరే ఉండాలి. ఆఫ్ చేసి, 68 ఓముల రెసిస్టర్ ద్వారా వైరుని ఎర్త్‌కి కలిపి మళ్లీ తాళం తిప్పి నిమిషం ఆగండి. ముల్లు సగం దగ్గరికి రావాలి. 33 ఓములతో ఫుల్ దగ్గరికి. నేరుగా ఎర్త్ ఇచ్చి వదిలేస్తే లోపలి తీగ కాలిపోవచ్చు, అందుకే రెసిస్టర్లు.

టక్కున ఎగిరే పాత మీటరైతే: వైరు వదిలేస్తే ఫుల్ దాటి పోవాలి, ఎర్త్‌కి కలిపితే ఖాళీకి రావాలి.

ముల్లు చెప్పినట్టు విన్నదంటే మీటరు, వైరు రెండూ బాగున్నాయి. తప్పు ట్యాంకులో ఉంది. వినకపోతే ఇదే పరీక్ష మీటరు వెనక టెర్మినల్ దగ్గర చేయండి. అక్కడ పనిచేస్తే మధ్యలో వైరు తెగింది. ఎక్కువగా అది వెనక సీటు కింద, డిక్కీ మూలలో రేకు అంచుకి ఒరుసుకునే చోట ఉంటుంది. పాతది వెతికే బదులు కొత్త వైరు లాగేయండి. అక్కడా పనిచేయకపోతేనే మీటరు మీద అనుమానం.

ట్యాంకు తెరిచే ముందు సెండర్ టెర్మినల్‌కీ దాని రేకుకీ మధ్య ఓములు కొలవండి. స్మిత్స్ మెల్ల రకంలో ఖాళీ ట్యాంకుకి సుమారు 240, నిండు ట్యాంకుకి 30 దగ్గర ఉండాలి. మధ్యలో అంకె మాయమైతే లోపలి తీగ అరిగింది.

తెరవక తప్పదంటే పెట్రోలు సగం కంటే బాగా కిందికి తీసేయండి. బ్యాటరీ ఎర్త్ టెర్మినల్ ఊడదీయండి. ఆరుబయట పెట్టుకోండి, పక్కింటివాళ్ల సిగరెట్టు కూడా గమనించండి. మూత రింగుని ఉలితోనూ ఇనప సుత్తితోనూ కొట్టకండి. చెక్క ముక్క పెట్టి తట్టండి. ఫ్లోటు చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల గలగలమంటే దానికి చిల్లు పడింది, పెట్రోలు తాగి మునిగిపోతోంది. ట్యాంకు నిండా ఉన్నా ఖాళీ చూపించడానికి ఇదొక కారణం. ఇత్తడి ఫ్లోటుకి సోల్డరింగ్ పెట్టించకండి. లోపల మిగిలిన పెట్రోలు ఆవిరి పేలుతుంది. "నేను పెడతాను సార్, ఏం కాదు" అనేవాళ్లు దొరుకుతారు. వద్దనండి, కొత్త ఫ్లోటు కొనండి.

మూత కింద గ్యాస్కెట్ ఎలాగూ మార్చాలి. ఇప్పుడు బంకుల్లో వచ్చే ఇథనాల్ కలిపిన పెట్రోలు పాత కార్క్‌ని, రబ్బరుని ఉండనివ్వదు. ఇథనాల్ తట్టుకునే రబ్బరుది అడిగి తీసుకోండి. బిగించాక కారు నిండుగా నింపి కింద తడి ఉందేమో చూడండి. పెట్రోలు వాసన వస్తూ ఉంటే ఆ కారు ఇంట్లో పెట్టొద్దు.

ఫలితం సరిచూసుకోవడం: ట్యాంకు దాదాపు ఖాళీ అయ్యాక, చదునైన నేల మీద ఉన్న బంకుకి వెళ్లి ఐదు లీటర్ల చొప్పున పోయించండి. ప్రతిసారీ తాళం తిప్పి నిమిషం ఆగి ముల్లు ఎక్కడుందో కాగితం మీద రాయండి. బంకు కుర్రాడు విసుక్కుంటాడు, రద్దీ లేని వేళ వెళ్లండి. ముల్లు ఖాళీ దగ్గర నిజం చెప్పడం ముఖ్యం, ఫుల్ దగ్గర కొంచెం అబద్ధమాడినా నష్టం లేదు. ఖాళీ దగ్గర తేడా ఉంటే ఫ్లోటు కడ్డీని కొద్దిగా వంచి సర్దాలి. ఆ కాగితం గ్లవ్ బాక్సులో పెట్టుకోండి.

5. హీట్ మీటరు

ముందు ఇది తేల్చుకోండి: ముల్లు తప్పు చెబుతోందా, లేక ఇంజనే నిజంగా వేడెక్కుతోందా? మేలో మన ఊళ్లో ముల్లు పైకి పోతే మీటరుని తిట్టే ముందు రేడియేటర్ నీళ్లు, ఫ్యాన్ బెల్టు చూడండి, చల్లారాకే. వేడి మీద మూత తీస్తే మొహం కాలుతుంది.

దీనికి ఎదురు సమస్య: ముల్లు ఎప్పుడూ కిందే ఉంటోంది. ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లని రేడియేటర్‌కి వెళ్లనివ్వకుండా ఆపేది థర్మోస్టాట్. ఇక్కడి ఎండకి ఎందుకులే అని దాన్ని పీకి పారేయడం మన దగ్గర పాత ఆచారం. అప్పుడు ముల్లు కిందుంటే అది మీటరు తప్పు కాదు, ఇంజన్ నిజంగానే సరిగ్గా వేడెక్కట్లేదు. థర్మోస్టాట్ ఉండే డబ్బా విప్పి చూడండి. లేకపోతే కొత్తది వేయండి.

థర్మోస్టాట్ ఉండి కూడా ముల్లు లేవకపోతే సెండర్ వైరు పీకి 68 ఓముల పరీక్ష ఇక్కడా చేయండి. ముల్లు మధ్య దాకా లేస్తే మీటరు బాగుంది. సెండర్ని చల్లటి ఇంజన్ నుంచి విప్పి, ఓములు చూస్తూ వేడినీళ్లలో ముంచండి. నీళ్లు వేడైన కొద్దీ అంకె తగ్గుతూ రావాలి. తగ్గకపోతే సెండర్ పోయింది.

తిరిగి బిగించేటప్పుడు మరలకి తెల్ల టెఫ్లాన్ టేపు దిట్టంగా చుట్టేస్తారు. ఒకే వైరున్న సెండర్‌కి ఎర్త్ ఆ మరల ద్వారానే వస్తుంది. టేపు చుడితే ఎర్త్ పోతుంది, ముల్లు పడుకుంటుంది. రాగి వాషర్ చాలు.

కరోనా రోజుల్లో కొన్న నుదుటి థర్మామీటరుతో ఇంజన్ వేడి కొలవాలని చూడకండి. అది జ్వరం దాకానే చూపిస్తుంది. 100 దాటి చూపించే వర్క్‌షాపు రకం కావాలి.

కొన్ని పాత మోడళ్లలో హీట్ మీటరుకి వైరు బదులు సన్నటి లోహపు గొట్టం వెళ్తుంది. లోపల ద్రవం ఉంటుంది. దాన్ని మడిచినా, కోసినా మీటరు అంతటితో సరి. బోర్డు లాగే ముందు ఈ గొట్టం ఉందేమో వెనక చేయి పెట్టి తడమండి.

6. ఆయిల్ ప్రెషర్

ఇక్కడ నియమం తిరగబడుతుంది. మిగతా మీటర్ల విషయంలో ముల్లు తప్పు చూపిస్తోందని అనుకుని వెతకొచ్చు. ఆయిల్ దగ్గర మాత్రం మీటరు నిజమే చెబుతోందని నమ్మి ఇంజన్ ఆపండి. డిప్‌స్టిక్‌తో ఆయిల్ చూడండి. సరిపడా ఉంటే మెకానిక్ దగ్గర ఉండే చేతి ప్రెషర్ గేజిని సెండర్ చోట బిగించి చూడమనండి. అంబాసిడర్‌లో వచ్చిన 1489 సీసీ పెట్రోల్ ఇంజన్‌కి వేడెక్కాక పరుగులో సుమారు 50, ఐడిల్‌లో 15 పీఎస్ఐ ఉండాలి. అక్కడ బాగుంటేనే మీటరు సంగతి చూడండి. గొట్టం ద్వారా ఆయిల్ నేరుగా బోర్డులోకి వచ్చే రకమైతే ఇంజన్ తిరుగుతుండగా నట్టు వదులు చేయొద్దు, వేడి ఆయిల్ కాళ్ల మీద పడుతుంది.

మీటరు బదులు ఎర్ర లైటున్న కార్లలో తాళం తిప్పగానే అది వెలగాలి, స్టార్టయ్యాక ఆరాలి. తిప్పినప్పుడే వెలగకపోతే బల్బు పోయింది. సంబరపడకండి, వెంటనే మార్చండి.

7. ఆంపియర్ మీటరు

బ్యాటరీలోకి కరెంటు ఎక్కుతోందో, దిగుతోందో చూపే మీటరిది. స్టార్టరుది తప్ప కారు కరెంటు దాదాపు అంతా ఇందులోంచే పోతుంది. బ్యాటరీ ఊడదీయకుండా దీని వెనక పానా పెట్టకండి, పానా రేకుకి తగిలితే వైరింగ్ మొత్తం కాలుతుంది. ఛార్జింగ్ సరిగా ఉందో లేదో తెలియాలంటే ఇంజన్ కొంచెం వేగంగా తిప్పి బ్యాటరీ దగ్గర కొలవండి. ఆల్టర్నేటర్ ఉన్న కారుకి 13.8 నుంచి 14.4 వోల్టుల మధ్య రావాలి.

8. స్పీడోమీటరు

ముల్లు వణుకుతుంటే కేబులు ఎండిపోయింది, లేదా ఎక్కడో మరీ వంకర తిరిగింది. అస్సలు కదలకపోతే మీటరు వెనక నట్టు విప్పి, కారుని తోయించి, లోపలి తీగ తిరుగుతోందో లేదో చూడండి. తిరగకపోతే కేబులు తెగింది, లేదా గేర్‌బాక్స్ వైపు చివర ఊడింది. తిరుగుతుంటే దాని చదరపు కొన అరిగి మీటరులో జారుతోందేమో చూడండి.

గ్రీజు పెట్టేటప్పుడు పై చివర జానెడు వదిలేయండి. పై దాకా పూస్తే గ్రీజు మీటరులోకి ఎక్కి ముల్లు అతుక్కుంటుంది. కేబులు నిండా నల్ల ఆయిల్ కనిపిస్తే గేర్‌బాక్స్ సీలు పోయింది, ముందు అది మార్చాలి.

సరిచూడాలంటే మంగళగిరి దాటి గుంటూరు వైపు జాతీయ రహదారి 16 మీద, పక్కన ఒకరిని కూర్చోబెట్టుకుని ఫోన్‌లోని జీపీఎస్ వేగంతో పోల్చండి. కిలోమీటర్ల లెక్కకి రోడ్డు పక్క రాళ్లు చూడండి. పది రాళ్లకి పదే తిరగాలి. టైర్ల సైజు మార్పించి ఉంటే తేడా రావడం సహజం, దాన్ని మీటరు లోపల సర్దమని ఎవరికీ ఇవ్వకండి.

9. ఇప్పుడు, కావాలంటే, బోర్డు విప్పండి

ఇన్ని పరీక్షలయ్యాక కూడా మీటరు మీదే అనుమానం మిగిలితేనే ఈ పని. బ్యాటరీ ఊడదీయండి, స్పీడో కేబులు విప్పండి, ఒక్క వైరు కూడా పీకకముందు వెనక భాగాన్ని ఫోన్‌తో నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీయండి. పాత వైర్ల రంగులు మసితో ఒకేలా అయిపోయి ఉంటాయి కాబట్టి టేపు ముక్కల మీద నంబర్లు రాసి అంటించండి. అద్దం వెనక అంకెల ప్లేటు తుడవకండి, తడిగుడ్డ తగిలితే అక్షరాలు ఊడి వస్తాయి.

ఆటోనగర్‌కి తీసుకెళ్తే మీటరుని కాకుండా మీ పరీక్షల కాగితాన్ని ముందు చూపించండి. "68 పెడితే సగం రావట్లేదు, వైరు బాగుంది, స్టెబిలైజర్ బాగుంది" అని చెబితే మాట తీరే మారుతుంది. ఎలక్ట్రీషియన్ దగ్గరికి కాదు, మీటర్లు మాత్రమే బాగుచేసేవాళ్ల దగ్గరికి వెళ్లండి. మార్చక తప్పని పరిస్థితిలో కొత్తగా తెచ్చిన స్పీడోమీటరు మీద ఉన్న కిలోమీటర్లు, మీ పాతదాని మీదున్న కిలోమీటర్లు, మార్చిన తేదీ మూడూ సర్వీసు పుస్తకంలో రాసి, పాత మీటరుని ఇంటికి తెచ్చుకోండి.